మైనమునకు కులమున్నదా?

మైనముతో రూపము మలచి, దానిపై అచ్చు కట్టి, వేడికి మైనమును కరిగించి, ఖాళీ అయిన చోట వేరొక ద్రవ్యమును నింపుట ఒకే విద్య. మన శిల్పశాస్త్రములు దీనిని మధూచ్ఛిష్ట విధానమన్నవి. పన్నెండవ శతాబ్దిలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసము'లో దీనిని వివరించినాడు. నింపినది గాజు అయితే నేటి నగరములు స్ఫటిక కళ అంటున్నవి. ఇత్తడి అయితే గిరిజన హస్తకళ అంటున్నవి. మొదటిదానికి కర్త పేరు, రెండవదానికి తెగ పేరు. ఈ భేదమునకు ఆధారమేమి?

పనిలో ఆధారము లేదు. గాజు పోతలో అచ్చుపైనున్న కుండలో గాజు ముక్కలుంచి, కొలిమిలో సుమారు 850 డిగ్రీల వరకు కాచుతారు. కరిగిన గాజు మెల్లగా అచ్చులోనికి దిగుతుంది. పిమ్మట రోజుల తరబడి చల్లార్చవలె, తొందరపడితే పగులుతుంది. సిర్గిట్టి పారిశ్రామిక వాడను విడిచి, బిలాస్‌పూర్ నుండి హౌరా వైపు పోవు రైలులో రాయగఢ్ చేరితే, దాపుననే ఏక్‌తాల్ గ్రామమున్నది. అక్కడి ఝారా పోతపనివారు మట్టి దిమ్మపై మైనపు దారములను చేతితో చుట్టి రూపము తీర్చుతారు. ఆదిలాబాదు ఓజాల విద్యయు ఇదే. ఓర్పులో ఎవరు తక్కువ?

స్ఫటిక ప్రతిమ అద్వితీయమనియు, ఇత్తడి బొమ్మ పునరావృత్తియనియు కొందరి వాదము. నిజము తరచు తలక్రిందులు. గాజు కళాశాలలలో ఒకే రబ్బరు అచ్చు నుండి అనేక మైనపు ప్రతులు తీసి, వాటికి వరుస సంఖ్యలు వేయుట పరిపాటి. చేతితో చుట్టిన మైనమునకు రెండవ ప్రతి లేదు. మట్టి అచ్చును పగులగొట్టనిదే బొమ్మ వెలికిరాదు. సంతకు చేయు బొమ్మలలో ఒకే పోలిక తరచు కనబడునన్నది నిజమే. కాని ఆ పోలికను కోరినది కొనువాడు. ఇక 'స్ఫటికము' అన్న పేరు సంగతి: సీసము కలిపిన ఆ గాజులో స్ఫటిక నిర్మాణమే లేదు. పేరు అంగడి పెట్టినది.

మాటలును ఈ అన్యాయములో పాలుపంచుకొన్నవి. తెలుగులో శిల్పి అనగానే విగ్రహమును మలచినవాడు గుర్తుకు వస్తాడు. హిందీలో 'హస్తశిల్ప్' అనగానే అది చేతిపనుల దుకాణపు సరుకవుతుంది. ఒకే ధాతువు, రెండు గౌరవములు.

2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది ఊరికి, విద్యకు రక్షణ, మంచిదే. కాని బొమ్మ చేసిన మనిషి పేరును అది చెప్పదు. ప్రదర్శనశాలలు ఇత్తడి బొమ్మ క్రిందను చేసినవాని పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలె. తూకపు లెక్కన వెలకట్టుట మానవలె. ఇది దయ కాదు. గాజుకు ఇచ్చినదానినే ఇత్తడికిని ఇచ్చుట.