మట్టిబండితో మొదలైన పాఠం

ఉక్కు కర్మాగారంతోపాటు వెలసిన భిలాయిలో, సెక్టర్ 6 వంటి పేటల్లో, పలు భాషల కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తాయి. ఇంట ఒక భాష, బడిలో మరొకటి. అటువంటి ఉన్నత పాఠశాల విద్యార్థులకు శూద్రకుని ‘మృచ్ఛకటికం’ బోధించవలసి వస్తే ఎక్కడ ఆరంభించాలి?

కవికాల నిర్ణయంతో ఆరంభిస్తే పిల్లలు ఆవులిస్తారు. పది అంకాలలో ఆరవదానితో ఆరంభించడం మేలు. పొరుగు బాలుని బంగారుబండి వంటిది కావాలని రోహసేనుడు ఏడుస్తాడు. అతనికి దక్కినది మట్టిబండి. వసంతసేన తన నగలు తీసి ఆ బండిని నింపుతుంది. ఆ నగలే తొమ్మిదవ అంకంలో న్యాయస్థానాన బయటపడి, బాలుని తండ్రి చారుదత్తునికి మరణశిక్ష తెచ్చిపెడతాయి. ఇంతవరకు విన్న విద్యార్థి మిగిలిన కథను తానే అడుగుతాడు.

ఇక భాష సంగతి. 1923లో రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ ఈ నాటకాన్నే 1958లో ఢిల్లీలో ఛత్తీస్‌గఢ్ జానపద నటులతో ‘మిట్టీ కీ గాడీ’గా ప్రదర్శించాడు. వారిచేత హిందీ పలికించి, తాను నిర్ణయించిన కదలికల్లోనే నడిపించినంతకాలం వారి ప్రతిభ వికసించలేదని ఆయన తరువాత గ్రహించాడు. 1970 దశకంలో వారిని సొంత పలుకుతో, సొంత నడకతో ఆడనిచ్చాడు. నటనకు ప్రాణం వచ్చింది.

శూద్రకుడు సైతం అందరినోటా ఒకే భాష పెట్టలేదు. చారుదత్తునిది సంస్కృతం, వసంతసేనది ప్రధానంగా ప్రాకృతం, శకారునిది ‘స’కారాన్ని ‘శ’గా పలికే మరొక ప్రాకృతం. కనుక తరగతిలో రోహసేనుడు ఛత్తీస్‌గఢీలో మారాం చేయవచ్చు, దాసి రదనిక తెలుగులో బుజ్జగించవచ్చు. మూలపాఠం ఆ తరువాత చదివించవచ్చు. అప్పుడు బడిభాష రాదని వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న బిడ్డకు కూడా ఒక పాత్ర దొరుకుతుంది.