రాకెట్ చదువుకు అమెరికా వెళ్తున్నారా? లోన్ తీసుకునే ముందే తెలియాల్సిన విషయం ఇది!

ముప్పాళ్ళ (పల్నాడు జిల్లా): మిర్చి చేలో డ్రోన్ ఎగిరితే ఒకప్పుడు ఊళ్లో సగం మంది గట్టు మీదకు చేరేవాళ్లు. ఇప్పుడు తల ఎత్తి చూసేవాళ్లే తక్కువ. పది లీటర్ల ట్యాంకు, నిమిషాల్లో ఎకరం.. పనైపోతుంది. కానీ ముప్పాళ్ళ, సత్తెనపల్లి, నరసరావుపేట వైపు ఏ ఇంట్లో అయినా ఎంపీసీ చదివే అమ్మాయో అబ్బాయో "నేను ఏరోస్పేస్ చేస్తా, పీహెచ్‌డీ దాకా వెళ్తా" అంటే మాత్రం మొదట వచ్చే ప్రశ్న ఒకటే. దాంతో ఉద్యోగం ఎక్కడొస్తుందమ్మా?

ప్రశ్నలో తప్పేం లేదు. దానికి చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే జవాబుతోనే సమస్య. "బీటెక్ అవ్వగానే అమెరికాలో ఎంఎస్ చేసెయ్, నాసానో స్పేస్‌ఎక్సో పిలిచి మరీ ఇస్తాయి" అంటారు. ఉదాహరణగా రెండు పేర్లు కూడా చెప్తారు. ఒకరు 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో వెళ్లొచ్చిన గుంటూరు మూలాల బండ్ల శిరీష. పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోస్పేస్ చదివారు. ఇంకొకరు అదే ఏడాది నవంబర్‌లో స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండర్‌గా వెళ్లిన రాజాచారి. ఎంఐటీలో ఏరోనాటిక్స్‌లో మాస్టర్స్ చేశారు.

ఇద్దరి విజయాలూ నిజమే. అయితే ఇక్కడ మనం దాటేస్తున్న సంగతి ఒకటుంది. శిరీష చిన్నప్పుడే అమెరికా వెళ్లి హ్యూస్టన్‌లో పెరిగారు. రాజాచారి పుట్టిందే అమెరికాలో. హైదరాబాద్ నుంచి ఇంజినీరింగ్ చదువు కోసం వెళ్లింది ఆయన తండ్రి. అంటే ఈ ఇద్దరూ మన ఊరి నుంచి ఎఫ్-1 వీసా మీద బయలుదేరే స్టూడెంట్ నడిచే దారిలో నడిచినవాళ్లు కాదు. టీవీలో వాళ్ల కథ చూపించేటప్పుడు మేమూ ఈ ముక్క పెద్దగా చెప్పలేదు, ఒప్పుకోవాలి.

గ్రీన్ కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆగాలి

అమెరికాలో 'ఐటార్' అని ఒక రూల్ ఉంది. ఆయుధాల ఎగుమతిని కంట్రోల్ చేసే నిబంధనలు ఇవి. రాకెట్ ఇంజిన్, క్షిపణి, మిలిటరీ విమానం.. ఇవన్నీ ఆ లిస్టులోకే వస్తాయి. వస్తువును ఓడలో ఎక్కించి పంపితేనే ఎగుమతి అనుకుంటాం కదా. వాళ్ల లెక్క వేరు. కంపెనీలో పక్క సీట్లో కూర్చున్న విదేశీయుడికి డ్రాయింగ్ చూపించినా, నోటితో వివరించినా అది ఎగుమతే. దానికి ప్రభుత్వ అనుమతి ఉండాల్సిందే. అందుకే అక్కడి రాకెట్ కంపెనీలు చాలావరకు ఉద్యోగ ప్రకటనలోనే రాసేస్తాయి: అమెరికా పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి, లేదా శరణార్థిగా గుర్తింపు పొంది ఉండాలి. నాసాలో రెగ్యులర్ ఉద్యోగమైతే పౌరసత్వమే అడుగుతారు. స్టూడెంట్ వీసా, ఓపీటీ, హెచ్-1బీ.. ఇవేవీ ఆ మూడింటిలో రావు.

ఇక మనవాళ్లకు గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడుగో వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అక్కడే చదివి అక్కడే స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చినా, ఊళ్లలో తల్లిదండ్రుల గుండెల్లో గుబులు మాత్రం పోలేదు.

ఫలితం ఏంటంటే.. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి ఏరోస్పేస్‌లో ఎంఎస్ చేసిన కుర్రాడు చివరికి కార్ల కంపెనీకో సాఫ్ట్‌వేర్‌కో మళ్లాల్సి వస్తోంది. అందరూ అలాగే అవుతారని కాదు. ప్రయాణికుల విమానాల వైపు కొంత వెసులుబాటు ఉంది. యూనివర్సిటీలో బహిరంగంగా ప్రచురించే మౌలిక పరిశోధనకు ఐటార్ అడ్డు రాదు. పీహెచ్‌డీకైతే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కు చాలామంది చేతి డబ్బే పెట్టుకోవాలి. కన్సల్టెన్సీలో కూర్చున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. అక్కడ ర్యాంకింగులు చెప్తారు, ఐటార్ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

1960ల సంగతి వేరు. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, బెంగళూరు ఐఐఎస్‌సీ మీదుగా ఎంఐటీ చేరారు. 1969లో అక్కడ ఏరోనాటిక్స్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత జార్జియా టెక్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూ, పాతబడిన విమానాల రేకుల్లో పగుళ్లు ఎలా పెరుగుతాయన్న దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన కథలో మనం గమనించాల్సింది ఎంఐటీ కాదు, మధ్యలో ఉన్న బెంగళూరు.

ఇక్కడి తలుపు తెరిచే ఉంది.. కానీ

2020లో కేంద్రం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటును అనుమతించింది. రెండేళ్లకే, 2022 నవంబర్ 18న, హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారు చేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి దాదాపు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. ఆ కంపెనీ పెట్టిన ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ ఇస్రోలో పనిచేసి బయటకు వచ్చినవాళ్లే. పవన్ కుమార్ చందన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్, నాగభరత్ డాకా ఐఐటీ మద్రాస్‌లో ఎలక్ట్రికల్. ఇద్దరిదీ బీటెక్‌తో పాటు ఎంటెక్. ఏరోస్పేస్ బ్రాంచి పేరు ఇద్దరి సర్టిఫికెట్‌లోనూ లేదు! కాబట్టి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఏరోనాటికల్ సీటు రాలేదని ఏడవక్కర్లేదు. మెకానికల్ తీసుకుని గేట్ రాసి పీజీలో ఇటు మళ్లొచ్చు. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా ఎయిర్‌ఫోర్స్ పైలట్‌గా ఉంటూనే ఐఐఎస్‌సీలో ఏరోస్పేస్ ఎంటెక్ చేశారు.

మరి ఇంత ఉండి కూడా మన పిల్లలు ఎందుకు అటు పోవడం లేదు? డబ్బు. గేట్ పాసై ఎంటెక్‌లో చేరితే నెలకు వచ్చేది రూ.12,400. రోజుకు లెక్కేస్తే రూ.413, దినకూలి లెక్కే. మెస్ బిల్లు, హాస్టల్, ప్రయాణం అన్నీ అందులోంచే. 2023 జనవరి నుంచి పీహెచ్‌డీ స్కాలర్లకు జేఆర్‌ఎఫ్ రూ.31,000 నుంచి రూ.37,000కు, తర్వాతి దశలో రూ.42,000కు పెంచారు. ప్రైమ్ మినిస్టర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే రూ.70,000 దాకా మొదలవుతుంది, అది కొద్దిమందికే. ఎంటెక్ వాళ్ల సంగతి మాత్రం అలాగే వదిలేశారు.

ఇక్కడే అసలు నష్టం జరుగుతోంది. పరిశోధన వైపు మళ్లాలా వద్దా అని పిల్లలు తేల్చుకునేది ఎంటెక్ దగ్గరే. కౌలు రైతు ఇంటి నుంచి వచ్చిన స్టూడెంట్‌కు ఆ రెండేళ్లూ సాఫ్ట్‌వేర్ జీతం వదులుకోవడం త్యాగం కాదు, అసాధ్యం. ఇంట్లో అప్పు వడ్డీ ఆగదు కదా. శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో రూ.3,984.86 కోట్లు మంజూరు చేసిన దేశమే, దాన్ని రేపు నడపాల్సిన పిల్లలకు ఇస్తున్న మొత్తం ఇది. ప్యాడ్ అవసరమే, కాదనం. కానీ ఎంటెక్ స్టైపెండ్ కనీసం రెండింతలు చేయకపోతే ఈ చదువు ఉన్నవాళ్ల పిల్లలకే మిగులుతుంది.

మిర్చి చేలోనూ ఉంది థీసిస్

ఏరోస్పేస్ పరిశోధన అంటే రాకెట్టే అక్కర్లేదు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు మిర్చిని ఎలా ఊడ్చేసిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆ పురుగు పూలల్లో, లేత ఆకుల మాటున దాక్కుంటుంది. మామూలు స్ప్రేయర్‌తో ఎకరానికి దాదాపు 200 లీటర్ల నీళ్లు కలిపి కొట్టే మందును డ్రోన్ పది లీటర్లలో సర్దేస్తుంది. రెక్కల గాలి ఆ సన్నటి చుక్కలను కిందికి తోస్తుంది. అవి పూవు లోపలికి పోతున్నాయా, పై ఆకు మీదే ఆగుతున్నాయా? డ్రోన్ ఎంత ఎత్తున, ఎంత స్పీడులో వెళ్తే ఎంత మందు పక్క చేలోకి కొట్టుకుపోతుంది? ఇది అచ్చంగా ఏరోడైనమిక్స్ ప్రశ్న. హెలికాప్టర్ రెక్క కింద గాలి ఎలా కదులుతుందో లెక్కగట్టే సూత్రాలే ఇక్కడా పనికొస్తాయి.

గుంటూరు దగ్గర లాంలోని ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీ డ్రోన్ల మీద పనిచేస్తోంది, పైలట్లకు ట్రైనింగ్ కూడా ఇస్తోంది. నరసరావుపేటలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటోంది రాష్ట్ర ప్రభుత్వం. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే కేంద్రం ఆపేసింది, కానీ విడిభాగాలు మాత్రం ఇప్పటికీ బయటి నుంచి తెచ్చుకోవచ్చు. అంటే బిగించడం ఇక్కడ, మోటారు, కంట్రోలర్ డిజైన్ చాలావరకు వేరేచోట. వ్యవసాయ వర్సిటీలో పురుగు తెలిసినవాళ్లు ఉన్నారు, ఇంజినీరింగ్ కాలేజీలో గాలి లెక్కలు నేర్చుకునేవాళ్లు ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒక ప్రాజెక్టు కింద కూర్చోబెట్టి, చేసే స్టూడెంట్‌కు రెండేళ్లు గడిచేంత ఫెలోషిప్ ఇవ్వడానికి లాంచ్ ప్యాడ్ అంత ఖర్చేం కాదు.

ఈ ఏడాది అమెరికా అడ్మిషన్ చేతిలో ఉన్నవాళ్లు మాత్రం డిపాజిట్ కట్టే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ పెట్టండి. అడగాల్సింది ఒక్కటే: గత రెండేళ్లలో మీ దగ్గర ఎంఎస్ చేసిన విదేశీ విద్యార్థులు ఏ కంపెనీల్లో చేరారు? జవాబు రాకపోతే, అదీ ఒక జవాబే.