సాసరులో చాయ్

పిల్లలూ! వేడి చాయ్‌ని పెద్దలు సాసరులో ఎందుకు పోసుకుంటారో తెలుసా? నాకు ఇరానీ హోటలులో తెలిసింది.

1970 తరువాతి మాట. ఏడాదికోసారి మహమ్మద్‌నగర్ నుంచి మా మేనత్త ఇంటికి బయలుదేరేవాళ్లం. కామారెడ్డిలో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, నేరుగా ఆ హోటలుకే! డికాక్షను మూతపెట్టి ఒకవైపు, పాలు చిక్కగా మరుగుతూ మరొకవైపు. రెండూ కప్పులోనే కలిసేవి.

మేము నలుగురం. బాపు రెండే చాయ్‌లు చెప్పేవాడు. అమ్మకూ చెల్లెకూ ఒకటి, మా ఇద్దరికీ ఒకటి. నాకు సాసరు నిండా పోసి, కప్పులో మిగిలింది తాను తాగేవాడు.

"వెడల్పుగా ఉంటే ఆవిరి ఎక్కువ పోయి జల్ది సల్లారుతది, బిడ్డా!"

అది నిజమే. ఉపాధ్యాయుడనయ్యాక, అలాంటి కప్పూ సాసరూ తెచ్చి తరగతిలో కొలిచి చూపాను. సాసరు నిండితే కప్పులో మిగిలింది రెండు గుక్కలే.