మాత్ర సరే, పరీక్ష ఏదీ?

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు అల్బెండజోల్ మాత్ర వేస్తారు. 2015లో మొదలైన ఈ కార్యక్రమాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఏలికపాములు, కొంకిపురుగులు విస్తారంగా ఉన్నచోట పరీక్షతో నిమిత్తం లేకుండా అందరికీ మాత్ర వేయడం శాస్త్రసమ్మతమే. ఆ మాత్రతోనే బాధ్యత తీరిందనుకోవడం మా అభ్యంతరం.

కలుషిత నీటితో వచ్చే జియార్డియా ఆ ఒక్క మోతాదుకు లొంగదు. వారాల తరబడి జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలవుతూ బిడ్డ చిక్కిపోతుంటే మలపరీక్ష చేయాలి. ఒకసారి కనబడకపోతే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడాలి. రాత్రిళ్లు మలద్వారం వద్ద దురదపెట్టే నులిపురుగు సంగతి వేరు. దాని గుడ్లు మలంలో సాధారణంగా దొరకవు. పొద్దున లేవగానే, కడగకముందే, సెల్లోటేపు ముక్కను అక్కడ అద్ది సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఇందుకు కోట్ల నిధులు కావాలా?

అయినా మన బస్తీల తల్లులకు దక్కుతున్నది పరీక్ష చీటీ కాదు, "మీవాళ్లకు శుభ్రత తెలియదు" అన్న ఈసడింపు. రోజుకు ఐదుసార్లు వజూ చేసే ఇళ్లకా ఈ పాఠం? మురుగుకాలువ గుండా మంచినీటి గొట్టం వేయించింది ఆ తల్లులా?

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలపరీక్ష జరగాలి. వసతి మదర్సాల పిల్లల పేర్లు మాత్రల జాబితాలోకి ఎక్కాలి. రిజిస్టరులో లేని బిడ్డ సర్కారు కంటికి లేనట్టేనని దఫ్తర్లలో జీవితం గడిపిన మాకు తెలుసు. మస్జిద్ కమిటీలు ఈ నెలలోనే వినతిపత్రం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.