ఎడమచేత్తో అన్నం

మా నాన్న పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. నడవలేక కాదు, చేతికర్ర సాయంతో రామాలయం దాకా వెళ్లొస్తారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. నలుగురితో బంతిలో కూర్చుని ఎడమచేత్తో అన్నం కలపాలంటే ఆయనకు చచ్చేంత నామోషీ. ఇంట్లో అమ్మ స్పూను ఇచ్చినా మొహం తిప్పుకుంటారు. లుంగీ ముడి మాత్రం అమ్మ వెయ్యాల్సిందే.

డాక్టరు బీపీ చూసి మాత్రలు రాస్తారు. దిగులు సంగతి ఎవరూ అడగరు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని చెప్పేదీ వైద్యులే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచి పనే, కాదనను. మరి మంచం దిగడానికి సాయమేదీ? ఫిజియోథెరపీకి మేం ఆటో కట్టించుకుని కాకినాడ పోవాలి. కిరాయి మందుల ఖర్చును మించిపోతుంది. ఊరి ఆరోగ్య కేంద్రానికి వారానికోసారైనా ఫిజియోథెరపిస్టు రావాలి. ఒంటిచేత్తో చొక్కా గుండీ ఎలా పెట్టుకోవాలో, మరుగుదొడ్డి గోడకు కడ్డీ ఏ ఎత్తులో బిగించాలో చెప్పడం కూడా వైద్యమే. మేం ఆ కడ్డీ బిగించుకున్నాక, నాన్న రాత్రిళ్లు అమ్మను లేపడం లేదు.