నువ్వేమన్నా పైలట్టా?

మొన్న హాస్టల్లో విమానం మీటర్ల మీద గొడవైంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి దగ్గర సముద్రంలో పడ్డ ఎయిర్ ఇండియా 747 సంగతి నేనే ఎత్తాను. 213 మంది పోయారు. విమానం ఎటు వాలిందో చూపే మీటరు కెప్టెన్ ముందున్నది చెడిపోయిందని విచారణలో తేల్చారు. అది కుడికి వాలినట్టే చూపిస్తా ఉంటే ఆయన ఎడమకి తిప్పుతా పోయాడు. బయట చీకటి, నీళ్ళేవో ఆకాశమేదో తెలీదు. దాన్ని నమ్మొద్దన్నది కెప్టెన్ కాదు, ఫ్లైట్ ఇంజనీరు. అట్టాంటివి ఇంకో రెండు ఉన్నాయి గదా, సరిచూసుకోవాల్సింది అన్నాను.

ఒక సీనియర్ నవ్వాడు. "నువ్వేమన్నా పైలట్టా? ఎండ్రకాయలు పట్టుకునే యానాదోడికి ఇవన్నీ ఎందుకు?"

నేను చెప్పింది తప్పైతే తప్పని చూపించు, నేర్చుకుంటా. మధ్యలో కులమెందుకు? ఆ మాటకొస్తే ఆయనా పైలట్ కాదు, బీకాం! పులికాట్‌లో అమావాస్య రాత్రి పడవేసుకుపోయే మా నాయన కంటిని ఒక్కదాన్నే నమ్మడు. గాలి ఏ చెంపకి తగులుతోందో, నీళ్ళు ఎటు లాగుతున్నాయో చూసుకుంటాడు. బడికి పోని మనిషి.

నాకు ఇంకా కోపం వచ్చింది మనోళ్ళ మీద. పక్కనే ముగ్గురున్నారు, తల వంచుకుని అన్నం తింటా కూర్చున్నారు.

మిగతా రెండు మీటర్లు ఎందుకు పెట్టారన్నా అని ఆ సీనియర్‌ని అడిగాను. మూడ్రోజులైంది, ఇంకా చెప్పలేదు.