మాయసంచి రూలు ఎవరు చదవాలి?

ఆదివారం మధ్యాహ్నం మన వసతి గృహంలో క్యారమ్స్ బోర్డు దగ్గర ఎంత గొడవ జరుగుతుందో చెప్పనక్కరలేదు. ఈ మధ్య దానికి పోటీగా ఇంకో గొడవ తయారైంది. స్టడీ హాలు మూల చాప పరుచుకుని, ఇరవై ముఖాల పాచిక దొర్లించి, "నా దగ్గర మాయసంచి ఉంది, రాక్షసుణ్ణి అందులో కుక్కేశాను" అనేవాళ్ళ గొడవ అది. ఇంజనీరింగుకు వెళ్ళిన మన అన్నలు సెలవులకు వచ్చినప్పుడు నేర్పిన ఆట. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. "పదో తరగతి పెట్టుకుని ఈ దెయ్యాల ఆటలేమిట్రా" అని కోప్పడిన పెద్దలూ ఉన్నారు. ఆట మంచిదా చెడ్డదా అన్న చర్చకు మేము ఇప్పుడు దిగడం లేదు. ఆటలో దొరికే మంత్రపు వస్తువుల గురించి పుస్తకంలో రాసిన మాటలకు అర్థం ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న దాని మీద మా అభిప్రాయం మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు.

తెలియని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో అచ్చయింది. బోర్డు ఉండదు, పావులు ఉండాలనీ లేదు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. వాణ్ణి పుస్తకంలో డంజన్ మాస్టర్ అన్నారు, మేము సూత్రధారి అంటున్నాం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకడు వీరుడు, ఒకడు దొంగ, ఒకడు మాంత్రికుడు. "తలుపు తోస్తున్నాను" అని నోటితో అంటే చాలు, తెరుచుకుందో లేదో సూత్రధారి చెబుతాడు. అనుమానం ఉంటే పాచిక చెబుతుంది. పుస్తకాలు కొనాలంటే వేలల్లో అవుతుంది కానీ, మూల నియమాలలో చాలా భాగాన్ని కంపెనీవారు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. మన చాప మీద ఉన్నది దాని జిరాక్స్ కాపీ. ఉంగరాలు, మంత్రదండాలు, మాయసంచి అన్నీ అందులో ఉన్నాయి. అంతా ఇంగ్లీషులో ఉంది. తగువులకు మొదలు అక్కడే.

మాయసంచినే తీసుకుందాం, ఎందుకంటే మన దగ్గర సగం తగువులు దానివే. 2014 నాటి నియమాల ప్రకారం దానిలో 500 పౌన్ల బరువు పడుతుంది. అంటే సుమారు 227 కిలోలు, రెండు క్వింటాళ్ళ పైమాటే. 64 ఘనపుటడుగుల చోటు, అంటే నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మన ట్రంకు పెట్టెలు పదికి పైగానే పడతాయి! ఎంత నింపినా సంచి బరువు మాత్రం 15 పౌన్లే, ఏడు కిలోలు. ఇంతవరకు అందరికీ ఆనందమే. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది. సంచిలో మోతకు మించి పెట్టినా, సంచికి పోటు పడినా, చిరిగినా అది నాశనమైపోతుంది, లోపలి సామానంతా వేరే లోకంలో చెల్లాచెదురవుతుంది.

ఒక గుంపులో ఏం జరిగిందంటే, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని ఒక తమ్ముడు తన ఈటెను ఒర లేకుండా ఆ సంచిలో పెట్టాడు. మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో ఆదివారం వాడు సూత్రధారితో వేరే విషయంలో మాటకు మాట అన్నాడు. వెంటనే సూత్రధారి, "నీ ఈటె సంచికి గుచ్చుకుంది, సంచి పోయింది, అందరి బంగారమూ పోయింది" అని తేల్చేశాడు. "రూల్లో ఉంది, చదువుకో" అని కాగితం వాడి ముందు పడేశాడు. వాడు చదవలేకపోయాడు. మిగతావాళ్ళు తమ బంగారం పోయిందని వాణ్ణే తిట్టారు. రెండు వారాలు వాడు చాప దగ్గరికి రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ సూత్రధారి చెప్పిన అర్థం తప్పు కాదు. 2003లో వచ్చిన మూడున్నరో కూర్పులో, పదునైన వస్తువు లోపలి నుంచి గుచ్చుకున్నా బయటి నుంచి గుచ్చుకున్నా సంచి పోతుందని విడమరిచి రాశారు. 2014లో ఆ లోపలా బయటా అన్న మాటలు తీసేసి, పోటు పడితే అని మాత్రమే ఉంచారు. మాట తీసేశారు కాబట్టి లోపలి పోటు లెక్కలోకి రాదని ఒకరు వాదించవచ్చు. పోటు అంటే ఎటు నుంచైనా పోటే కదా అని ఇంకొకరు అనవచ్చు. మాకైతే రెండో వాదమే సబబు అనిపిస్తుంది. కానీ మేము అడిగేది వేరే. మూడు వారాలు గుచ్చుకోని ఈటె నాలుగో వారం కోపం వచ్చిన రోజే ఎందుకు గుచ్చుకుంది? సంచి దొరికిన రోజున ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి ఉంటే వాడు ఈటెకు ఓ గోనెపట్టా చుట్టి పెట్టేవాడు కాదా? అర్థం సరైనదే కావచ్చు. దాన్ని దాచి ఉంచి దెబ్బకు వాడుకోవడం న్యాయం కాదు.

ఆటగాళ్ళు కూడా తక్కువ వాళ్ళేమీ కాదు. రాక్షసుణ్ణి సంచిలో కుక్కే వీరుల సంగతి చూడండి. ఊపిరి పీల్చే ప్రాణులు సంచిలో ఎంతసేపు బతుకుతాయో పుస్తకంలో లెక్క ఉంది: పది నిమిషాలను లోపలున్న వాళ్ళ సంఖ్యతో భాగించాలి. ఇద్దరుంటే అయిదు నిమిషాలు, అయిదుగురుంటే రెండు నిమిషాలు. దాన్ని పట్టుకుని, "ప్రాణిని పెట్టవచ్చని రూలే ఒప్పుకుంది, కాబట్టి శత్రువును పెట్టేశాను, పది నిమిషాల్లో చచ్చాడు" అంటారు. పెట్టవచ్చు సరే, వాడు ఒప్పుకుంటాడా? మన ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి గోనెసంచిలోకి దించడానికే నలుగురు కావాలి, వాడు కాళ్ళు తన్నకుండా ఉండడు! సంచి నోరు రెండడుగులే. సామాను మోసే వస్తువును ఆయుధంగా మార్చాలంటే ఆ మాట రూల్లో ఉండాలి. రూలు ఏం ఒప్పుకుందో అంతే ఒప్పుకున్నట్టు, దాని తోక పట్టుకుని ఏనుగును లాగకూడదు.

ఇంకొన్ని రూళ్ళ దగ్గర అసలు తగువే అక్కరలేదు. మంత్రపు పాదరక్షలు రెండూ జతగా తొడిగితేనే పనిచేస్తాయి. ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం తొడిగితే ఏ ఒక్కటీ పనిచేయదని పుస్తకంలోనే ఉదాహరణతో సహా రాశారు. ప్రార్థన గంట కొట్టగానే దొరికిన చెప్పు తొడుక్కుని పరుగెత్తే మనవాళ్ళకు ఈ ఆటలో మంత్రం పారదన్నమాట! అలాగే మంత్రపు డాలు చేత పట్టుకుని ఉన్నంతసేపే కాపాడుతుంది, వీపుకు తగిలిస్తే లేదు. ఇంగ్లీషులో అదంతా "వైల్" అన్న ఒక్క చిన్న మాటలో ఉంది. "ఉన్నంతసేపు" అని తెలుగులో చెబితే ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలుస్తుంది. చెప్పకపోతే డిగ్రీ చదివే అన్నకు కూడా బోల్తా పడే చోటు అది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఆట ఆడేవాళ్ళలో ప్రపంచమంతటా రెండు పక్షాలున్నాయి. రాసింది రాసినట్టే చదవాలనేది ఒక పక్షం. రాసినవాడి ఉద్దేశం చూడాలనేది రెండో పక్షం. 2000లో వచ్చిన మూడో కూర్పు మొదటి పక్షం వారికి పండుగ. ఏ వస్తువు ఏ రకం బలం ఇస్తుంది, ఒకే రకం బలం రెండు వస్తువుల నుంచి వస్తే పెద్దది మాత్రమే లెక్క, ఉంగరాలు రెండే, ఇలా అన్నీ గీత గీసి రాశారు. 2014లో వచ్చిన అయిదో కూర్పు మామూలు మాటల్లో రాసి, మిగిలింది సూత్రధారి విచక్షణకు వదిలేసింది. చదవడానికి హాయిగా ఉంది. మన అన్నలు చాలామంది దీన్నే మెచ్చుకుంటారు.

మాకు మాత్రం "విచక్షణ" అన్న మాట వినగానే కొంచెం బెరుకు. హాస్టల్లో పెరిగినవాళ్ళకు ఆ బెరుకు ఎందుకో వేరే చెప్పాలా? గోడ మీద మెనూ చార్టులో గుడ్డు అని రాసి ఉంటేనే "సార్, ఈ రోజు గుడ్డు ఉండాలి కదా" అని అడిగే ధైర్యం మనకు వస్తుంది. రాసి లేకపోతే అది దయ. దయ చూపేవాళ్ళు మంచివాళ్ళయితే మంచిదే, కానీ ప్రతి ఏడూ అదృష్టం అలాగే ఉండదు. రాత అన్నది పైవాణ్ణి కూడా కట్టేస్తుంది. ఆ లావు పుస్తకం సూత్రధారి చేతులను కూడా కట్టేసేది, చదవడం వచ్చిన బక్క ఆటగాడికి అది డాలు. అందుకని రాతను తక్కువ చేసి మాట్లాడే వారితో మేము ఏకీభవించలేం.

అయితే రాత పట్టుకుని కూర్చుంటే అన్నం ఉడకదని కూడా మాకు తెలుసు. మన అక్షయపాత్ర కథ గుర్తు చేసుకోండి. అదీ మంత్రపు వస్తువే, దానికీ ఒక నియమం ఉంది. ద్రౌపది భోంచేసేవరకే ఆ రోజుకు అన్నం వస్తుంది. ఆమె తిన్నాక దూర్వాసుడు శిష్యులతో దిగాడు. శ్రీకృష్ణుడు నియమాన్ని కాదనలేదు, గిన్నెతో మళ్ళీ వండించలేదు. గిన్నె తెమ్మని అడుగున అంటుకున్నది చూశాడు. దాన్ని తిన్నాడు, అటు మునులకు కడుపు నిండింది. నియమం ఎక్కడిదక్కడే ఉంది, ఆ పూట గండమూ గడిచింది. చివరి పంక్తిలో కూర్చుని గిన్నె గీకిన శబ్దం విన్నవాళ్ళకు ఈ కథ ఇంకొంచెం బాగా తెలుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కోరికల ఉంగరం దగ్గర కనబడుతుంది. ఆ ఉంగరంలో మూడు కోరికలుంటాయి. కోరిక పెద్దదైన కొద్దీ అది అడ్డం తిరిగే అవకాశం ఎక్కువని పుస్తకం సూత్రధారికి స్వేచ్ఛ ఇచ్చింది. శత్రువు చచ్చిపోవాలని కోరుకుంటే, వాడు వయసు మీరి చచ్చిపోయిన కాలానికి నిన్నే విసిరేయవచ్చు. కొందరు సూత్రధారులకు ఇది భలే సరదా. ప్రతి కోరికలోనూ కన్నం వెతుకుతారు. హిరణ్యకశిపుడి వరంలో కన్నం వెతికారంటే అతను లోకాన్ని పీడించాడు కాబట్టి. మన గుంపులో ఒక తమ్ముడు కోరిన కోరిక ఏమిటో తెలుసా? తన పాత్ర తల్లి జబ్బు నయం కావాలని. అందులో కూడా కన్నం వెతికితే ఆ ఆట మాకు వద్దు.

మరి పుస్తకం ఏమీ చెప్పని చోట ఎవరిని అడగాలి? కంపెనీవారి డ్రాగన్ పత్రికలో పాఠకుల సందేహాలకు జవాబులిచ్చే శీర్షిక ఏళ్ళ తరబడి నడిచింది. తర్వాతి రోజుల్లో జెరెమీ క్రాఫర్డ్ అనే రూపకర్త ట్విట్టర్‌లో జవాబులిచ్చేవారు. ఆ ట్వీట్లు అధికారిక తీర్పులు కావు, సలహాలే అని కంపెనీవారే తర్వాత స్పష్టం చేశారు. రాసినవారి మాటే సలహా అయినప్పుడు, నెట్‌లో ఎవరో అన్నారని ఫోను చూపించి తమ్ముళ్ళ నోరు మూయించడం ఏం మర్యాద? ఆటగాళ్ళ మాటకు బలం లేదనుకోవడం కూడా పొరపాటే. గాయం మాన్పే మందు తాగడానికి 2014 నియమాల్లో ఆ వంతులోని ప్రధానమైన పని ఖర్చయ్యేది. చాలా గుంపులు అది మరీ అన్యాయమని, మందు తాగి కత్తి కూడా దూయవచ్చని సొంతంగా మార్చుకున్నాయి. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో మందు తాగడాన్ని అలాగే చిన్న పనిగా మార్చారు.

మేము ఇప్పుడు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టాం. వస్తువు దొరికిన రోజునే దాని రూలు గట్టిగా చదవాలి, పక్కనే తెలుగులో రాయాలి, ఆ పని వంతులవారీగా అందరూ చేయాలి, సూత్రధారి ఒక్కడే కాదు. తగువు వస్తే పాచిక వేయకముందే తీర్పు చెప్పాలి, చెప్పింది నోట్‌బుక్‌లో ఎక్కించాలి. వచ్చే వారం ఇంకొకడికి కూడా అదే తీర్పు, వాడు సూత్రధారికి దోస్తు అయినా సరే. రాత రెండు విధాలా చదవడానికి వీలుంటే వస్తువు ఎవరి చేతిలో ఉందో వాడికి అనుకూలమైన అర్థం తీసుకోవాలి, దానివల్ల పక్కవాడి ఆట చెడిపోనంతవరకు. ఈ చివరి దాని మీద మాలో మాకే ఇంకా పూర్తి ఏకాభిప్రాయం లేదు. "అలా అయితే తెలివైనవాడు రోజూ రెండర్థాలు పుట్టిస్తాడు" అని ఇంటర్ చదివే ఒక అన్న వాదన. అందులోనూ నిజం లేకపోలేదు.

ఈటె తమ్ముడు ఇప్పుడు మళ్ళీ వస్తున్నాడు. నోట్‌బుక్‌లో మాయసంచి పేజీ వాడి చేతిరాతే, "పోటు" దగ్గర రెండు గీతలు గీసి మరీ రాశాడు. పోయిన వారం వాడే ఒక ప్రశ్న లేవదీశాడు. సంచిని తిరగేసి దులిపితే లోపలున్నవి దెబ్బ తగలకుండా బయటపడతాయని రూల్లో ఉంది. మరి లోపల దాక్కున్న మనిషికి అప్పటికే పది నిమిషాలు దాటి ఊపిరాడక కొట్టుకుంటుంటే, "దెబ్బ తగలకుండా" అన్న మాట వాడికి వర్తిస్తుందా లేదా? గంటసేపు తేలలేదు. స్నాక్స్ గంట కొట్టారు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు ఎవరైనా ఈ పేజీ కింద తమ అభిప్రాయం రాసి వెళ్ళవచ్చు, చోటు వదిలి ఉంచాం.